నియమగిరి: గ్రామసభ మాటకు విలువ
పోటీ పరీక్షల ప్రత్యేకం

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్నవి నియమగిరి కొండలు. వాటిలో బాక్సైట్ ఉంది. అక్కడి డోంగ్రియా కొంధులకు ఆ కొండ నియమరాజు అనే దైవం ఉండే చోటు. బాక్సైట్ తవ్వకం ప్రతిపాదన వచ్చినప్పుడు పోయేది భూమి మాత్రమే కాదని వాళ్లు గట్టిగా చెప్పారు.

సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం వ్యక్తిగత, సామూహిక హక్కులతో పాటు సాంస్కృతిక, మతపరమైన హక్కులనూ గ్రామసభలే పరిశీలించాలని కోర్టు చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలకుడిగా 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది.

అభ్యర్థులు పన్నెండు అనే అంకె దగ్గరే ఆగిపోతుంటారు. మెయిన్స్‌లో మార్కులు తెచ్చేది అసలు విషయం: కొండమీది నమ్మకం కూడా చట్టం ముందు సాక్ష్యంగా నిలిచింది.

మన దగ్గరి 1997 సమత తీర్పుతో దీన్ని కలపకండి. అది షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం గురించి.

ఒక చోటును అక్కడి ప్రజలు చూసే తీరుకు విలువ ఇవ్వాలన్న నియమగిరి ఆలోచనకు ఐరోపాలో ఒప్పంద రూపం ఉంది. 2000లో ఫ్లోరెన్స్‌లో సంతకాలైన ఐరోపా భూదృశ్య ఒప్పందం, ప్రజలు ఎలా గ్రహిస్తారో అదే భూదృశ్యమని నిర్వచిస్తుంది. ప్రణాళికలో వాళ్లకు చోటివ్వాలంటుంది. 2004 మార్చి 1న అమల్లోకి వచ్చింది.