రేకుల కప్పు ఎక్కేముందు

తొలకరికి ముందు పశువుల కొట్టాలకు, పాలసేకరణ కేంద్రాలకు కప్పు మరమ్మతు చేయించడం మన గ్రామాలలో పరిపాటి. పగిలిన రేకు మార్చడానికో, కారుతున్నచోట తారు పూయడానికో ఒక మనిషిని పైకి ఎక్కిస్తాము. నాలుగు మీటర్లు మనకు పెద్ద ఎత్తుగా తోచదు. కాని అక్కడినుండి పడిన మనిషి ఒక సెకను లోపలే, గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. కనుక సభ్యులు తెలుసుకోదగిన కొన్ని విషయాలు ఇక్కడ వివరిస్తున్నాము.

రేకు: ఎండకు, వానకు పాతబడిన సిమెంటు రేకు చూపుకు గట్టిగానే ఉంటుంది; కాలు మోపగానే విరుగుతుంది. బోల్టుల వరుసమీద నడిస్తే భయం లేదని కొందరి నమ్మకం. ఇది పొరపాటు. అడుగు కాస్త పక్కకు పడినా ప్రమాదమే. వీలైనంతవరకు కిందనుండి సారువ కట్టి పని చేయించాలి. ఎక్కక తప్పనప్పుడు, రేకులను మోసే దూలాలమీద ఆనేటంత పొడవైన పలకలు పరచాలి. కనీసం రెండు ఉండాలి. ఒకదానిమీద నిలిచి రెండవదాన్ని జరుపుకోవచ్చు.

పట్టీ: నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడేటప్పుడు పొట్టను, వెన్నును దెబ్బతీస్తుంది. భుజాలకు, తొడలకు కూడా పట్టీలున్న హార్నెస్ వాడాలి. ఐ.ఎస్. 3521 గుర్తు చూసి కొనాలి. కుట్లు ఊడినది, ఒకసారి పడిన మనిషిని ఆపినది మళ్ళీ వాడరాదు.

తాడు: చాలామంది గమనించనిది ఇదే. రెండు మీటర్ల తాడును కాళ్ళదగ్గర కట్టుకుంటే, తాడు పొడవు, కుదుపు తగ్గించే పట్టీ సాగేది, మనిషి ఎత్తు అన్నీ కలిపి కింద ఆరు మీటర్ల ఖాళీ కావాలి. నాలుగు మీటర్ల కొట్టంమీద తాడు పూర్తిగా ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు! అందువల్ల కొట్టాలకు పలకలు, రేకుల కిందనే బిగించిన వల ముఖ్యం. హార్నెస్ ఎత్తయిన నీళ్ళ ట్యాంకు వంటిచోట, తలకు పైన గట్టి ఆధారానికి కట్టినప్పుడే పూర్తిగా ఉపయోగపడుతుంది.

ఎవరినీ ఒంటరిగా ఎక్కనీయవద్దు. పట్టీకి వేలాడే మనిషిని నిమిషాలలో దించకపోతే ప్రాణాపాయం.

ఎక్కేవాడు దినకూలీ అయినా, సభ్యుని కుమారుడైనా, ఎక్కించినది మనమే. పలకల ఖర్చును మరమ్మతు అంచనాలోనే చేర్చవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము.