తీరని సందేహము

“నా భార్యను నిజముగా ప్రేమించుచున్నానా?” అని దినమెల్ల తన మనస్సును తానే శోధించుకొను భర్తలు కలరు. ఆమెను చూడగా హృదయము పొంగెనా లేదా అని లెక్కించుకొందురు, ఇతర దంపతులతో పోల్చుకొందురు, “మన ప్రేమ నిజమేనా?” అని ఆమెనే మాటిమాటికి అడుగుదురు. జవాబు విన్న గడియసేపే నెమ్మది. పిమ్మట సందేహము మరల లేచును. భార్యలకును ఇట్టి బాధ కలుగవచ్చును.

ఇది ప్రేమలేమి కాదు, పాపమును కాదు, ఓ.సి.డి. అను మనోవ్యాధి. గోకినకొలది పుండు రేగునట్లు, శోధించినకొలది సందేహము హెచ్చును. 1966లో విక్టర్ మేయర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఇట్టి వ్యాధిగల ఇద్దరిని తమ భయమునకు ఎదురుగా నిలిపి, అలవాటైన క్రియను మాన్పించి, మేలు కలిగెనని ప్రకటించెను. నేటి ముఖ్య చికిత్సకు అదియే పునాది, మందులును కలవు.

కాబట్టి మనము వారిని గద్దింపక, పదేపదే హామీయు నియ్యక, వైద్యుని యొద్దకు తోడుకొనిపోవుదము. 14416 నంబరునకు ఫోను చేసిన ఉచితముగా సలహా దొరకును.