చిత్రకళాభ్యాసము – జీవనోపాధి

చిత్రలేఖనమునం దాసక్తి గల బాలురును బాలికలును ప్రతి తరగతియందును ఒకరిద్దరైనను కనబడుచుందురు. లెక్కల పుస్తకపు అంచున ఎద్దును, బతుకమ్మను, బస్సును గీయు చేతిని ఉపాధ్యాయులు మందలించుటయు కలదు, మెచ్చుకొనుటయు కలదు. కాని పదవ తరగతి ముగియు నాటికి ఆ విద్యార్థి తండ్రి పాఠశాలకు వచ్చి, "సారూ, వీనికి బొమ్మల పిచ్చి పట్టింది. బొమ్మలేస్తే బువ్వ వస్తదా? జర మీరే చెప్పుండ్రి" అని యడుగును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మాచారెడ్డి ప్రాంతమున ఎన్నో కుటుంబములలో పిల్లల చదువు ఎకరమో రెండెకరములో గల మక్కచేని మీదనో, గల్ఫు దేశమున అన్న చేయు కష్టము మీదనో ఆధారపడి యున్నది. అట్టి యింటివారితో "కళ పవిత్రమైనది, ధనమును తలపరాదు" అని చెప్పుట సులభమే. అట్లు చెప్పువారికి సామాన్యముగా నెలజీతము వచ్చుచుండును.

నా యభిప్రాయ మిది. బొమ్మతో బువ్వ వచ్చును. అయితే చేయి నేర్చిన విద్య యొక్కటియే దానిని తేజాలదు. బొమ్మ వేయుట ఒక విద్య. బొమ్మతో బ్రతుకుట మఱియొక విద్య. మొదటిదానిని నేర్పు విద్యాలయములు మనకు కలవు. రెండవదానిని మాత్రము విద్యార్థి చాలవఱకు తానే వెదకికొనవలసి వచ్చుచున్నది.

పూర్వ మీ రెండు విద్యలును ఒకే యింట నేర్పబడుచుండెను. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల సంగతి చూడుడు. అచ్చట పిల్లవాడు మొదట చింతగింజలను ఉడికించి జిగురు చేయుట, దానిని సుద్దమట్టితోను గంజితోను తుమ్మజిగురుతోను కలిపి గుడ్డకు పూతలు పూయుట నేర్చుకొనును. పిదప గీత, ఆ పిదప రంగు. అంతటితో చదువు ముగియదు. మడేలు పురాణమో, గౌడ పురాణమో ఊరూర చెప్పుకొను కథకులు పటము వ్రాయింపగోరి వచ్చినప్పుడు తండ్రి వారితో ఏమి మాట్లాడెను, కథలోని ఏయే ఘట్టములు కావలెనని వారు కోరిరి, ఏ వెలకు ఒప్పుకొనిరి, ఎన్నినాళ్లలో ఇయ్యవలెనని గడువు పెట్టిరి – ఇవన్నియు ఆ పిల్లవాడు ప్రక్కన కూర్చుండి వినుచుండెను. కథకులు తగ్గిపోవుటతో పటములు కోరువారును తగ్గిపోయిరి. అప్పు డాయా కుటుంబములలో కొందఱు గోడకు తగిలించుకొనదగిన చిన్న చిత్రములను, రంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపి చేయు ముఖములను విరివిగా తయారుచేసి, పట్టణవాసులకు అమ్మసాగిరి. చేతి విద్య మారలేదు, కొనువాడు మారెను. ఆ మార్పును గుర్తించినవారే నిలిచిరి.

పాఠశాలలయందు చదువుకొనిన చిత్రకారులకు ఇట్టి యింటి శిక్షణ లేదు. వారికి మొదటి తోడ్పాటు తఱచుగా ఒక ఉపాధ్యాయునివలననే కలుగుచుండును. 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారి ప్రతిభను గుర్తించినవారు రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు. ఆయన ఆంగ్లేయులు; స్వయముగా చిత్రకారులు, రచయితలు. వారి ప్రోత్సాహముననే రామారావుగారు బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలకు పోయి శాస్త్రీయముగా అభ్యసించిరి. తిరిగి వచ్చి రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి, తోడివారికి నేర్పిరి. 1925లో మశూచికముచే ఇరువదియెనిమిదవ యేటనే మరణించిరి. వారి చిత్రములు నేటికిని ఆ నగరమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి. ఈ కథలో మన వంటి ఉపాధ్యాయులు గమనింపవలసినది కూల్డ్రేగారి చర్య. వారు శిష్యుని మెచ్చుకొని యూరకుండలేదు. ఎచ్చటికి పోయి చదువవలెనో చూపిరి. మెచ్చుకోలు ఇచ్చువారు ఊరిలో పదిమంది యుందురు. దారి చూపువాడు ఒక్కడు దొరకుట కష్టము.

మనకు ఇంకను సమీపమున సిద్దిపేటలో కాపు రాజయ్యగారు (1925–2012) ఉండిరి. వారు పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా పని చేయుచునే బోనాలను, ఎల్లమ్మ జోగులను, పొలముపనులు చేసికొను స్త్రీలను నకాషీ పద్ధతి నాధారముగా చేసికొని చిత్రించిరి. సిద్దిపేటలో లలితకళా సమితిని స్థాపించి పిల్లలకు నేర్పిరి. ఉపాధ్యాయవృత్తి వారి కళకు అడ్డు రాలేదు. ఇంటి అద్దెకు భయపడి బొమ్మను చౌకగా అమ్ముకొనవలసిన అగత్యమును అదియే తప్పించె ననుకొందును. "ఉద్యోగము చేయువాడు నిజమైన కళాకారుడు కాడు" అను మాట కొందఱు యువకులనోట వినుచున్నాను. సిద్దిపేటకు పోయి వచ్చిన పిదప ఆ మాట అనగలరేమో చూడవలెను.

వేఱు త్రోవలును కలవు. 1957లో వెలువడిన "మాయాబజార్" చలనచిత్రమునకు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలేగారును కళాధర్‌గారును. ఆ చిత్రములోని నగరములును, వేషములును మొదట వారి కాగితముపై గీతలుగా నుండినవే. ఆ గీతను చూచి వడ్రంగి కఱ్ఱ కోయవలెను, దర్జీ గుడ్డ కత్తిరింపవలెను, రంగులవాడు తెర పూయవలెను. కావున సినిమాలో పనిచేయు చిత్రకారుని గీత అందముగా నుండుటతోపాటు ఇతరులకు అర్థమగునట్లును, కొలతకు సరిపడునట్లును ఉండవలెను. శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు "చందమామ" అట్టలకు చిత్రించిరి. మాసపత్రిక యనగా గడువు. మనస్సు కుదిరినప్పుడు వేసెద ననుట అచ్చట చెల్లదు. కరీంనగరము ప్రాంతమున బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠముగారు హైదరాబాదునను, బరోడాలోను చదివి, తెలంగాణ పల్లెస్త్రీల చిత్రములచే ప్రసిద్ధికెక్కిరి; "దాసి" చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ పురస్కారమును పొందిరి. ఇన్ని పేర్లు చెప్పుట మన పిల్లలందఱును ఇట్టివారగుదురని ఆశపెట్టుటకు కాదు. ఒక్కొక్కరును బొమ్మతోపాటు ఇంకేమి నేర్చిరో చూపుటకే.

ఓడినవారి సంగతియు చెప్పవలెను. మన పట్టణములలో దుకాణముల బోర్డులు వ్రాయుచు, ఎన్నికల గోడవ్రాతలు వ్రాయుచు సంసారములు నడిపిన చిత్రకారులు ఎందఱో యుండిరి. ఫ్లెక్సు అచ్చుయంత్రములు వచ్చిన కొలది యేండ్లలో వారి పని చాలవఱకు పోయెను. వారి అక్షరములలోని సొంపు నేటి ఫ్లెక్సులలో నాకు కనబడదు, అది వేఱు విషయము. వారిలో కంప్యూటరుపై అదే అక్షరమును కూర్చ నేర్చినవాడు ఆ యంత్రము ప్రక్కననే కూర్చుండి పని చేసికొనుచున్నాడు. కుంచెను పట్టినవాడు కంప్యూటరును తృణీకరింపరాదు. కంప్యూటరును పట్టినవాడు పెన్సిలును మఱువరాదు. సిరిసిల్ల మగ్గముల కైనను, పాఠ్యపుస్తకముల కైనను, ఆనిమేషను చిత్రముల కైనను ఈ రెండును కావలెను.

ఇక రెండవ విద్యలో ముఖ్యమగునవి. వెల కట్టుట మొదటిది. గుడ్డ, రంగులు, చట్రము, పట్టిన దినములు – వీనిని ఒక చిన్న పుస్తకమున వ్రాసికొననివాడు తన బొమ్మ వెల ఎన్నటికిని చెప్పలేడు. ఎదుటివాడు చెప్పినదానికి తల యూపును. పల్లెలో "మనోడే గదా" యని ఊరక వ్రాయించుకొనువారు మెండు. అట్టివారికి ఒకసారి వ్రాసి యిచ్చుట మర్యాద. రెండవసారి వెల చెప్పుటయు మర్యాదయే. పని మొదలిడక మునుపు ఏమి వేయవలెను, ఎప్పటికి ఇయ్యవలెను, ముందు ఎంత, పిదప ఎంత అని కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసికొనుట రెండవది. వేసిన ప్రతి బొమ్మను అమ్మకపూర్వమే ఛాయాచిత్రము తీసి, పేరు, కొలత, సంవత్సరము వ్రాసి యుంచుట మూడవది. పై చదువునకు గాని, పనికి గాని పోయినప్పుడు మొదట అడుగునది దానినే.

చట్టమును గూర్చి చిత్రకారులకే తెలియకపోవుట విచారకరము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము బొమ్మ వేసినవాడే సామాన్యముగా దాని హక్కునకు మొదటి యజమాని. బొమ్మను అమ్మినంతమాత్రమున దానిని క్యాలెండరుగా అచ్చువేయు హక్కు కొన్నవానికి పోదు. అయితే ఎవరైనను ధనమిచ్చి తమకొఱకై వేయించుకొనిన బొమ్మకు, వేఱు ఒప్పందము లేనియెడల, ఆ హక్కు వారిదే యగును. నాలుగు పంక్తుల కాగితము విలువ ఇచ్చట తెలియును. హక్కును వ్రాసి యిచ్చివేసిన పిదపకూడ, అది తన కృతియే యని చెప్పుకొనుటకును, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు దానిని వికృతపఱచినచో ప్రశ్నించుటకును చిత్రకారునికి అధికారము కలదు. అతడు మొదటి యజమానియైన మూలచిత్రము పిదప పదివేల రూపాయలకు మించిన వెలకు మరల అమ్ముడుపోయినచో, ఆ వెలలో పదవ వంతునకు మించని భాగమును కోరు హక్కును చట్టము ఇచ్చుచున్నది.

చదువు విషయము. హైదరాబాదులో 1940లో స్థాపితమైన చిత్రకళాశాల నేడు జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళా విశ్వవిద్యాలయమున భాగముగా నున్నది. ఇంటర్మీడియేటు పిదప ప్రవేశపరీక్ష వ్రాసి అచ్చట నాలుగేండ్ల పట్టమునకు చేరవచ్చును. చిత్రలేఖనము, శిల్పము, ప్రకటనకళ, ఛాయాగ్రహణము, ఆనిమేషను అను శాఖలు కలవు. చేరకముందే ఆయా శాఖలవారు చదువు ముగిసిన పిదప ఏ పనులు చేయుచున్నారో విచారించుట తల్లిదండ్రులకు మంచిది. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమున ఆ పై చదువు కలదు. డ్రాయింగు మాస్టరు పని కోరువారికి ప్రభుత్వమువారు జరుపు డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు అక్కఱకు వచ్చును. ప్రవేశపరీక్షలో ఎదుట బొమ్మ లేకయే జ్ఞాపకమునుండి గీయవలసి యుండును. ఫోనులోని బొమ్మను చూచి గీయుటకు అలవాటుపడినవారు అచ్చట తడబడుదురు. సంతలో కూరగాయలమ్ము ముసలమ్మను, బస్సు కొఱకు నిలుచున్నవారిని సాయంకాలము చూచి వచ్చి, ఇంట కూర్చుండి గీయుట మేలైన అభ్యాసము. అట్టి గీతలు దినమునకు రెండు చొప్పున నింపిన పుస్తకమును పట్టుకొని వచ్చు విద్యార్థులతోను, వారి తల్లిదండ్రులతోను వార్షిక పరీక్షలు ముగిసిన వెంటనే ఏ సాయంకాలమైనను మాటలాడుటకు నేను పాఠశాలలో నుందును.