సూర్యుని కిరీటంలో అయస్కాంత అలలు

సూర్యుని ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ అని, దానికి పైన పరచుకొని ఉన్న కరోనా మాత్రం 10 లక్షల డిగ్రీలు దాటుతుందని ఎనిమిదో తరగతిలో చెప్పాము. కరోనా అనగానే పిల్లలకు మాస్కులు గుర్తొచ్చి నవ్వారు. ఆ మాటకు అసలు అర్థం కిరీటం. నవ్వులు ఆగాక ఒక అమ్మాయి లేచి, "పొయ్యికి దూరం జరిగితే సెగ తగ్గాలి కదా సార్, పెరగడమేమి?" అని అడిగింది. శాస్త్రజ్ఞులను ఎనభై ఏళ్లకు పైగా వేధిస్తున్న ప్రశ్న అది.

దీనికి ఒక దారి చూపినవారు స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్. విద్యుదావేశం గల వాయువులో అయస్కాంత బలరేఖలు బిగించిన తాళ్లలా ఊగుతాయని, ఆ ఊపు అలగా సాగుతూ శక్తిని మోసుకుపోతుందని 1942లో ఆయన చెప్పారు. 1970లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కింది పొరల్లోని శక్తిని ఈ అలలే పైకి చేరుస్తున్నాయా అన్నది అప్పటినుంచీ వెతుకుతున్నారు.

మేము బడి ఆవరణలోని వేపచెట్టుకు తాడు కట్టి చూపించాము. కొసను పక్కకు ఊపితే ఒక రకం అల. కొసకు పురి తిప్పితే, తాడు కదలనట్టే కనిపించినా ఆ పురి చెట్టు వరకూ పోతుంది. ఇది రెండో రకం, పట్టుకోవడం కష్టం.

పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న తాడు ఊగిందని ఎట్లా తెలుస్తుంది? కడప బస్సు హారను కొడుతూ మన వైపు వస్తే శ్రుతి పెరుగుతుంది, దాటిపోతే తగ్గుతుంది. వెలుగూ అంతే. మన వైపు వచ్చే వాయువు వెలుగు కొంచెం నీలం వైపు, దూరంగా పోయేది కొంచెం ఎరుపు వైపు జరుగుతుంది. కరోనాలో 12 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము 1074.7 నానోమీటర్ల దగ్గర వెలుగునిస్తుంది. కంటికి కనిపించని ఆ వెలుగు అటూ ఇటూ జరగడాన్ని కొలిచి, కరోనా అంతటా ఊగే అలలున్నాయని 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే అప్పుడు కనిపించిన అలల శక్తి ఆ వేడికి చాలదు. పురి తిరిగే అలకు గుర్తు వేరు: ఒకే పోగుకు ఒక పక్క నీలం, అదే సమయంలో మరో పక్క ఎరుపు. ఆ గుర్తును హవాయి దీవుల్లోని 4 మీటర్ల అద్దపు టెలిస్కోపుతో పట్టామని 2025లో ప్రకటించారు.

ఒకప్పుడు వీటికి గ్రహణమే దిక్కు. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ గ్రహణవేళ సూర్యుని అంచు జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్‌లో శాస్త్రజ్ఞులు కరోనాను చూస్తుంటే, మమ్మల్ని పెద్దలు ఇంట్లో పెట్టి తలుపు వేశారు. ఆ కొరత మాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మన ఆదిత్య-ఎల్1 రోజూ గ్రహణం కల్పించుకుంటోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచిన ఈ నౌకలో, సూర్యబింబాన్ని అడ్డుకొని కరోనాను మాత్రమే చూసే పరికరం ఉంది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ చేసింది. ఇనుము వెలుగును ఇదీ కొలవగలదు.

ఈ ప్రాజెక్టుకు డైరెక్టరుగా పనిచేసిన నిగార్ షాజీ గారు తమిళనాడులోని సెంగోట్టైలో పుట్టి, 1987లో ఇస్రోలో చేరారని చెప్పాము. ప్రశ్న అడిగిన అమ్మాయే మళ్లీ లేచి, "సెంగోట్టై మన వేంపల్లె అంత ఊరేనా సార్?" అంది. అట్లాసు తెరిచి ఆ ఊరిని వెతకమన్నాము.