గుర్రాల్లో పిండ మార్పిడి: ఆవుల లెక్క చెల్లని చోటు

పాపన్నపేట వంటి మండలాల్లో విస్తరణ శాస్త్రవేత్తకు పిండ మార్పిడి అనగానే ఆవులు, గేదెలే స్ఫురిస్తాయి. ఆవుకు హార్మోన్లు ఇచ్చి ఒకే ఎదలో అనేక అండాలను విడుదల చేయించవచ్చు. గోడిగ, అనగా ఆడగుర్రం, ఆ హార్మోన్లకు అంతగా స్పందించదు. సాధారణంగా ఎదకు ఒక్క పిండమే దక్కుతుంది.

అండం విడుదలైన సుమారు ఆరవ రోజుకు పిండం గర్భాశయం చేరుతుంది. ఫలదీకరణ చెందని అండం మాత్రం సాధారణంగా అండవాహికలోనే నిలిచిపోవడం గుర్రాల్లోని విశేషం. ఏడు, ఎనిమిది రోజుల నడుమ గర్భాశయాన్ని ద్రావణంతో కడిగి పిండాన్ని సేకరిస్తారు. 300 మైక్రాన్లు దాటి పెరిగిన పిండం అతిశీతల నిల్వకు సులభంగా తట్టుకోదు. గ్రహీత గోడిగలో అండం విడుదల, దాతకన్నా ఒక రోజు ముందు మొదలు మూడు రోజుల తరువాత వరకు గల వ్యవధిలో జరిగి ఉండాలి. నా దృష్టిలో అసలు ఖర్చు ఇక్కడే ఉన్నది: ఒక్క పిండం కొరకు పలు గ్రహీతలను మేపుతూ, స్కానింగుతో గమనిస్తూ ఉండవలసివస్తుంది.

ఇంత శ్రమ ఎందుకనగా, 2012–2019 పశుగణనల మధ్య దేశంలో గుర్రాలు, పోనీల సంఖ్య సుమారు 45 శాతం తగ్గింది. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రపు బికనేర్ ప్రాంగణంలో 2023 మే 19న పిండ మార్పిడి ద్వారా మార్వారీ జాతి పిల్ల 'రాజ్-ప్రథమ్' 23 కిలోల బరువుతో జన్మించింది. అదే ఏడాది అక్టోబరులో, అతిశీతలంలో నిల్వచేసిన పిండం నుండి 'రాజ్-హిమానీ' పుట్టింది.

మలక్‌పేట పందేలలో పరుగెత్తే థరోబ్రెడ్లకు ఈ పద్ధతి పనికిరాదు. సహజ సంపర్కంతో పుట్టిన పిల్లలనే వాటి వంశావళి గ్రంథంలో నమోదు చేస్తారు.