చూసినప్పటి పేజీ, రాసేటప్పటి పేజీ

చి. బుజ్జికి,

నువ్వు పంపిన ప్యాచ్, దానికింద మీ సీనియర్ పెట్టిన ఒక్క లైను ప్రశ్న, రెండూ ఈ బాబాయి చూశాడు. "ఈ పేజీ స్థితి మారకుండా పట్టుకున్నది ఏది?" అని ఆయన అడిగితే నీకు వెటకారంలా తోచిందట. అది వెటకారం కాదమ్మా. కెర్నెల్‌లో మెమరీ వైపు పనిచేసేవాళ్లు ఒకరినొకరు రోజూ అడుక్కునే ప్రశ్నే అది. దానికి సరైన జవాబు లేని లూపు ఒకటి లినక్స్‌లో తొమ్మిదేళ్లు హాయిగా బతికింది. డర్టీ కౌ పేరు నువ్వు వినే ఉంటావు. లోపల ఏం జరిగిందో మాత్రం చాలామంది ఓపిగ్గా చదవరు.

2016 అక్టోబరులో బయటపడిన ఆ లోపం నంబరు సీవీఈ-2016-5195. 2007 నాటి 2.6.22 కెర్నెల్ నుంచీ అది దాడికి అనువుగా ఉంది. బయటపెట్టిన ఫిల్ ఓస్టర్‌కు అది కోడ్ చదువుతుంటే దొరకలేదు. దాడికి గురైన ఒక సర్వర్‌కు వచ్చిన హెచ్‌టీటీపీ ట్రాఫిక్‌ను దాచి ఉంచడం వల్ల, అందులో దాడి ప్రోగ్రాం చేతికి చిక్కింది. ఇంటివాళ్లకన్నా ముందు దొంగలకే దారి తెలిసిందన్నమాట.

జరిగిందేమిటంటే, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును మామూలు యూజరు ప్రైవేటుగా మ్యాప్ చేసుకుంటాడు. ప్రాక్‌లోని సెల్ఫ్ మెమ్ ద్వారా ఆ చోట రాయబోతాడు. కెర్నెల్ అసలు పేజీ జోలికి పోకూడదు, కాపీ తీసి అందులోనే రాయాలి. తీసింది కూడా. తీశాక లూపు తనకు తానే ఒక నిర్ణయానికి వచ్చింది: కాపీ అయిపోయింది గనక ఇక రాయబోతున్నామని చెప్పే ఫోల్_రైట్ జెండాతో పనిలేదని దాన్ని దించేసింది. సరిగ్గా ఆ సందులో రెండో థ్రెడ్ మ్యాడ్వైజ్‌ను పిలిచి ఈ పేజీ నాకొద్దంది. కాపీ కాస్తా పోయింది. లూపు మళ్లీ తిరిగొచ్చి చూస్తే పేజీ లేదు. రాసే జెండా దిగిపోయి ఉంది కాబట్టి, చదువుకోవడానికేమో అన్నట్టుగా పేజ్ క్యాష్‌లోని అసలు పేజీనే తెచ్చి చేతిలో పెట్టింది. రాత దానిమీద పడింది. ఆ ఫైలు పాస్‌వర్డ్‌ల జాబితా కావచ్చు, రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రాం కావచ్చు.

ఇక్కడ ఎవరూ లాకు మర్చిపోలేదు. పేజీ టేబుల్ లాకు ప్రతిసారీ పద్ధతిగానే పట్టుకున్నారు, పద్ధతిగానే వదిలారు. ఒకసారి వదలడానికీ మళ్లీ పట్టుకోవడానికీ మధ్య, 'కాపీ తీశాను' అన్న జ్ఞాపకాన్ని 'కాపీ ఉంది' అన్న సాక్ష్యంగా వాడుకున్నారు. బాబాయి ఈ ఉత్తరమంతా రాస్తున్నది ఆ తేడా కోసమే.

సవరణ రాసింది లైనస్ టోర్వాల్డ్సే. అప్పటికి దాదాపు పదకొండేళ్ల కిందట తానే ఒకసారి దీన్ని సరిచేయబోయాననీ, ఎస్390 యంత్రాల్లో చిక్కులు రావడంతో ఆ మార్పును వెనక్కి తీసేయాల్సి వచ్చిందనీ ప్యాచ్ వివరణలో ఆయన దాచుకోకుండా రాశాడు. అప్పట్లో అది కాగితం మీది రేసు. మెమరీ కోడ్‌లో లాకుల ఒత్తిడి తగ్గి వేగం పెరిగేసరికి, సులువుగా తగిలే రేసైంది. "ఆచరణలో ఇలా జరగదు" అని నీ ప్యాచ్‌లో రాసిన కామెంట్‌ను ఇది చదివాక తీసేస్తావని బాబాయి ఆశ.

ఆ సవరణ జెండాను దించడం మానేసింది. ఫోల్_కౌ అనే కొత్త గుర్తు పెట్టి, దానికితోడు పేజీ టేబుల్ ఎంట్రీలో డర్టీ బిట్ వెలిగి ఉంటేనే రాయనిచ్చింది. ఎక్స్86లో అది ఆరో బిట్. కాపీ తీసినప్పుడే ఆ బిట్ వెలుగుతుందని నమ్మకం. ఏడాది తిరిగేసరికి, 2017లో, ఆ సాక్షి కూడా అడ్డం తిరిగాడు. 2 ఎంబీ పెద్ద పేజీల దారిలో, కాపీ తీయకుండానే డర్టీ బిట్‌ను వెలిగించే చోటొకటి ఉంది. సున్నాలతో నిండిన ఉమ్మడి పెద్ద పేజీ మీద రాయడానికి అది చాలింది. సీవీఈ-2017-1000405 అదే. 2022లో డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ ఫోల్_కౌను పూర్తిగా ఊడబెరికాడు. ఇప్పుడు కెర్నెల్ పాత గుర్తులు తిరగేయదు. లాకు చేతిలో ఉండగానే ఎదురుగా ఉన్న పేజీని చూస్తుంది: ఇది అనామక పేజీయేనా, ఈ ప్రాసెస్‌కు మాత్రమే చెందినదా? కాకపోతే రాయనివ్వదు. బాబాయి లెక్కలో మూడు సవరణల్లోనూ నిక్కమైనది ఇదే.

లాకే లేకుండా చదవాల్సి వస్తేనో? యూజరు పేజీలను పట్టుకునే గప్-ఫాస్ట్ అనే కెర్నెల్ దారి వేగం కోసం చేసే పని అదే. బస్టాండులో కిటికీలోంచి ఖాళీ సీటు కనిపిస్తే మనవాళ్లేం చేస్తారు? ముందు కర్చీఫ్ వేస్తారు, ఎక్కాక ఇది మనూరి బస్సేనా అని బోర్డు చూసుకుంటారు. ఇదీ అంతే. ఎంట్రీని ఒకసారి చదివి లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. రిఫరెన్స్ కౌంట్ సున్నా కాకపోతేనే ఒకటి పెంచుతుంది. ఆ తర్వాత ఎంట్రీని మళ్లీ చదివి, మారి ఉంటే పెంచిన కౌంట్ దించేసి మెల్లగా వెళ్లే దారి పడుతుంది. ఈ వరస తిరగేస్తే పనికిరాదు. మళ్లీ చూశాక కౌంట్ పెంచితే, ఆ రెంటి మధ్య పేజీ వేరేవాళ్ల చేతికి పోయి ఉండొచ్చు.

ఒకసారి చదవడం అన్నది కూడా చూసినంత తేలిక కాదు. రీడ్_వన్స్ పెట్టకపోతే, ఒకే వేరియబుల్‌ను కంపైలర్ రెండుసార్లు మెమరీలోంచి తెచ్చుకోవచ్చు. అప్పుడు నీ ఇఫ్ పరీక్షించిన విలువ ఒకటి, దాని కింది లైను వాడిన విలువ ఇంకొకటి అవుతుంది. 32 బిట్ల ఎక్స్86లో పీఏఈ ఉంటే మరీ చిత్రం. ఎంట్రీ 64 బిట్లు, చదివేది రెండు ముక్కలుగా. అందుకని కింది సగం, పై సగం, మళ్లీ కింది సగం చదివి, మొదటిదీ చివరిదీ ఒకటే అయ్యేదాకా తిరుగుతారు.

ఇక నీ ప్యాచ్. అది పేజీలను మార్చదు, ప్రాక్‌లోని కెపేజ్‌ఫ్లాగ్స్ లాగా జెండాలు చదివి చూపిస్తుందంతే. 16 జీబీ యంత్రంలో 4 కేబీ పేజీలు 41,94,304. వాటన్నిటికీ లాకు తీసుకోమని మీ సీనియర్ అడగడం లేదు. చూపించే అంకె కాస్త పాతదైనా కొంప మునగదు. కానీ నీ కోడ్ పేజీ నుంచి దాని ఫోలియోకు, అంటే అది ఉన్న పేజీల గుంపుకు, వెళ్లి, పరిమాణం అడిగి, తిరిగి జెండాలకు వస్తోంది. మధ్యలో ఆ ఫోలియో ముక్కలైతే, సగం పాత సమాచారంతో సగం కొత్త సమాచారం కలిసిపోయి, ఏనాడూ లేని పేజీ ఒకటి తయారవుతుంది. డీబగ్ తనిఖీలు పెట్టిన కెర్నెల్ అక్కడే కూలిపోవచ్చు. దీనికోసమే ఈమధ్య స్నాప్‌షాట్_పేజ్ అనే ఫంక్షన్ వచ్చింది. పేజీనీ ఫోలియోనూ నకలు తీసి, రెండింటికీ పొంతన కుదరకపోతే మళ్లీ ప్రయత్నించి, చివరికి కుదిరిందో లేదో చెప్పే గుర్తు కూడా ఇస్తుంది. ఆ గుర్తును చూడకుండా వదిలేయకు.

మీ ల్యాప్‌టాప్‌లో రాత్రంతా నడిపినా ఏమీ కాలేదన్నావు. నీ కోడ్‌లో ఫోలియోకు వెళ్లే లైనుకూ పరిమాణం అడిగే లైనుకూ మధ్య కాసేపు ఆపే ఎండిలే ఒకటి పెట్టి, పక్కన ఇంకో థ్రెడ్‌తో పెద్ద పేజీలను విడగొట్టిస్తూ మళ్లీ నడుపు. ఇలాంటి రేసులను పట్టుకోవడానికి 2020లో 5.8 కెర్నెల్‌తో వచ్చిన కేసీశాన్‌ను కూడా ఆన్ చెయ్యి. అది చేసేదీ ఇంచుమించు అదే: ఒక చోటు మీద కాపలా పెట్టి, కాసేపు ఆగి, ఇంకెవరైనా వచ్చి ముట్టుకుంటారా అని చూస్తుంది. రెండో వెర్షన్ వివరణలో, చదివిన ప్రతి ఫీల్డు పక్కన అది దేని రక్షణలో ఉందో, లేకపోతే పాతబడినా ఎందుకు ఫరవాలేదో రాసి పంపు. మీ సీనియర్‌కు పంపేముందు బాబాయికి ఒక కాపీ.

ఇట్లు,
మీ బాబాయి