స్కూటరు ముందు ఫోర్కు: నిర్మాణము, మరమ్మతు

వంశధార యొడ్డున నున్న శ్రీముఖలింగమునుండి నరసన్నపేట వైపు పోవు స్కూటర్లను ఉదయవేళ గమనించినచో ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. తండ్రి బండి నడుపుచుండును. తల్లి వెనుక కూర్చుండును. చిన్నబిడ్డ కాళ్లు పెట్టుకొను పలకపై నిలిచి హ్యాండిలును పట్టుకొని యుండును. బిడ్డ నట్లు నిలుపుట క్షేమము గాదని మేము తలిదండ్రులకు పలుమారులు చెప్పియున్నాము. అయినను ఆ బిడ్డకు జానెడు దూరముననే యున్న ముందు ఫోర్కును గూర్చి ఆలోచించువారు అరుదు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. ఫోర్కు చెడినచో బండి పడిపోవును. కావున ఈ యేటి విజ్ఞానపాఠమునకు ఫోర్కును ఎన్నుకొంటిమి.

మన పల్లెలలో నేటికిని తిరుగుచున్న గేర్ల స్కూటర్లలో బజాజ్ చేతక్ ముఖ్యమైనది. అది 1972లో వెలువడెను. ఇటలీదేశపు వెస్పా దానికి మూలము. 1946లో పేటెంటు పొందిన ఆ వెస్పాను రూపొందించిన కొర్రాదినో దస్కానియో విమానముల ఇంజనీరు. విమానపు చక్రమును ఒక ప్రక్కనుండియే పట్టియుంచు పద్ధతిని ఆయన స్కూటరునకు తెచ్చెను. సైకిలు ఫోర్కు రెండు కొమ్మలుగా చీలి చక్రమును ఇరుప్రక్కల పట్టుకొనును. చేతక్ ఫోర్కో ఒకే గొట్టము. క్రింద వంగి చక్రమునకు ఒక ప్రక్కకు వచ్చును. ఆ గొట్టపు కొనయందు, ఒక పిన్నుమీద ఊగునట్టి పొట్టి చేయి కలదు. అది వెనుకకు సాగి చక్రపు ఇరుసును మోయును.

ఈ యమరికలో పనులు మూడు. మొదటిది మోయుట, అది స్ప్రింగు పని. బరువు ఎంత హెచ్చినచో స్ప్రింగు అంత నలుగునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. ఉదాహరణకు, 40 కిలోల బరువునకు 2 సెంటీమీటర్లు నలిగిన స్ప్రింగు 80 కిలోలకు 4 సెంటీమీటర్లు నలుగును. కాని స్ప్రింగు తాను పుచ్చుకొన్న శక్తిని తిరిగి యిచ్చివేయును గనుక, అది ఒంటరిగా నున్నచో బండి ఊయెలవలె లేచి పడుచుండును. రెండవ పని ఆ ఊపును అణచుట; అది డాంపరు పని. దాని లోపలి నూనె సన్నని రంధ్రములగుండ పోవునపుడు కదలికలోని శక్తి వేడిగా మారిపోవును. మూడవ పని దారిపట్టించుట, అది పిన్నుది. చక్రము మీదికి క్రిందికి మాత్రమే కదలునట్లు, ప్రక్కలకు ఊగకుండునట్లు చూచునది ఈ వ్రేలంత ఉక్కుముక్కయే.

జనులు సాధారణముగా స్ప్రింగునొక్కదానినే ఎరుగుదురు. ఒక గృహస్థుడు తన బండి ముందు చక్రము కొట్టుకొనుచున్నదని రెండుమారులు స్ప్రింగు మార్పించెను. రెండుమారులును వణుకు పోలేదు. మేము పెద్ద తరగతి పిల్లలతో గూడి దానిని విప్పితిమి. స్ప్రింగు నిక్షేపముగా నున్నది. పిన్నుమీద మాత్రము సూదుల వంటి బేరింగులు ఒరసి గాడులు పెట్టినవి. గోటితో రాచిన ప్రతి గాడియు తగిలెను. గ్రీజుండవలసిన చోట ఎఱ్ఱని త్రుప్పుపొడియు ఇసుకయు నుండెను. మోయు భాగమును మార్చినంతమాత్రమున దారిపట్టించు భాగము బాగుపడదు గదా!

మన ప్రాంతమున ఈ యరుగుదల త్వరగా కలుగుటకు కారణము లేకపోలేదు. ఏటియొడ్డు బాటలలో సన్నని ఇసుక ఎగురును. ఇసుకలోని స్ఫటికపు రేణువులు మెత్తని ఉక్కును గీయగలవు. వానకాలపు బురదనీరు ఆయిల్ సీలు పగుళ్లగుండ లోనికి దిగి గ్రీజును కడిగివేయును. సముద్రతీరమున ఉప్పుగాలి తోడైనచో త్రుప్పు మరింత త్వరపడును.

విప్పుటకు ముందు పరీక్షింపవలెను. బండిని స్టాండుమీద నిలిపి, పలక క్రింద కొయ్యదిమ్మె నుంచి, ముందు చక్రమును నేలకు పైగా లేపవలెను. చక్రమును రెండు చేతుల పట్టి ప్రక్కలకు కదలించుచుండగా, మరియొకడు కీళ్లపై వ్రేలుంచి చూడవలెను. కదలిక చేయి మొదట తెలిసినచో పిన్ను అరిగినది. చక్రపు నడుమ తెలిసినచో ఇరుసు బేరింగు అరిగినది. హ్యాండిలు క్రింద తెలిసినచో బాల్ రేసులు వదులైనవి. పిమ్మట హ్యాండిలును మెల్లగా ఇటునటు త్రిప్పవలెను. నడుమ ఒకచోట పట్టుకొన్నట్లు తోచినచో రేసులలో గుంటలు పడినవని యెఱుగవలెను. తరువాత బండిని దింపి, ముందు భాగమును గట్టిగా నొక్కి విడువవలెను. అది ఒకమారు లేచి కుదుటపడవలెను. మరల మరల ఊగినచో డాంపరు చచ్చినది.

ఇక విప్పు క్రమము. మొదట చక్రమును, బ్రేకు తీగను, మీటరు తీగను విడదీయవలెను. తరువాత డాంపరు, స్ప్రింగు తీయవలెను. నలిగియున్న స్ప్రింగు నట్టును ఊడదీయునపుడు దాని యెదుట ముఖము పెట్టరాదు; అది తుపాకిగుండువలె ఎగురును. పిన్నును సుత్తితో మోది తీయుట, క్రొత్త బేరింగును సుత్తితో దిగగొట్టుట మన షెడ్లలో సాధారణము. సుత్తిదెబ్బకు బేరింగు గూడు వంగును. వంగిన గూటిలో సూదులు తిరుగవు. పట్టణములో ప్రెస్సున్నచోట దిగవేయించుట మేలు. వైసు నడుమ సమముగా నొక్కి దింపినను చాలును. ఉక్కు భాగములను కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టవలెను. ఆ చెంత దీపము గాని చుట్ట గాని ఉండరాదు.

పిన్ను, బేరింగులు, సీళ్లు మూడును ఒకేసారి మార్చవలెను. గాడులుపడిన పాత పిన్ను క్రొత్త సూదులను కొలది దినములలోనే తినివేయును. సీలు పెదవి ఏ దిక్కునకు ఉండెనో విప్పునపుడే కాగితముమీద బొమ్మ గీసి యుంచుకొనవలెను. గ్రీజు నిండుగా పెట్టవలెను గాని అది బ్రేకు డ్రమ్ములోనికి పోరాదు. బ్రేకు నాడాలకు గ్రీజంటినచో బండి ఆగదు. ఫోర్కు గొట్టమును వెలుతురులో త్రిప్పి చూచి, అతుకులవద్ద పగులు గాని వంకర గాని కనబడినచో దానిని మరల వాడరాదు. వెల్డింగు చేసి నడుపుట ప్రాణముతో జూదమాడుట యగును.

బిగించునపుడు హ్యాండిలు రేసులను అధికముగా బిగింపరాదు. వదులు పోవలెను, అయినను చక్రము పైకెత్తినపుడు హ్యాండిలు తన బరువుచేతనే ప్రక్కకు వ్రాలవలెను. అన్నియు ముగిసిన పిమ్మట ఖాళీ బాటమీద మెల్లగా నడిపి బ్రేకు పట్టి చూడవలెను. బ్రేకు పట్టగా ముందు భాగము కొంత క్రిందికి వంగుట ఈ యమరిక స్వభావము. ప్రక్కకు లాగుట మాత్రము దోషము.

క్రొత్త బండ్లలో టెలిస్కోపిక్ ఫోర్కు వ్యాపించినది. హోండా యాక్టివాకు 2020లో అట్టిది వచ్చెను. అందు ఇరుప్రక్కల ఒక గొట్టములో ఒక గొట్టము జారును. స్ప్రింగు, నూనె లోపలనే యుండును. మెరయు గొట్టముమీద నూనె కారినచో సీలు చెడినదని గుర్తు. గొట్టముమీద త్రుప్పుగుంటలున్నచో క్రొత్త సీలును అవి కోసివేయును గాన, ముందుగా గొట్టమును పరీక్షింపవలెను. నూనెను తయారీదారుల పుస్తకములో చెప్పిన కొలత చొప్పున రెండు ప్రక్కలను సమముగా పోయవలెను. బండి మారినను మోయుట, అణచుట, దారిపట్టించుట అను పనులు మూడే.

తలిదండ్రులకు ఒక మనవి. బజాజ్ సంస్థ 2009లో స్కూటర్ల తయారీ మానుచున్నట్లు ప్రకటించెను. 2020లో అదే పేరుతో విద్యుత్ స్కూటరును అమ్మ మొదలిడినను, దాని భాగములు పాత బండికి పనికిరావు. పాత బండికి అంగడిలో దొరకు పిన్నులలో మేలైనవియు కలవు, నాసివియు కలవు. పాత పిన్నును చేతబట్టుకొని పోయి, దానితో పోల్చి, వదులు లేకుండ అమరునదే కొనుడు. అద్దములకును రంగులకును వెచ్చించు ధనములో కొంత ఏటేటా ఈ కంటికి కనబడని భాగమునకు కేటాయించినచో బిడ్డలు క్షేమముగా బడికి చేరుదురు.

విద్యార్థులకు ప్రశ్నలు:

1. స్ప్రింగు క్రొత్తదైనను డాంపరు చచ్చిన బండి గతుకులలో ఎట్లు నడచును? ఎందువలన?

2. మీ యింటి బండి చక్రమును కదలించి, వదులు మూడు కీళ్లలో ఎచ్చట నున్నదో కనుగొనుడు.

3. పిన్నును మార్చి బేరింగులను మార్చకున్నచో ఏమి జరుగును? మీ మాటలలో వ్రాయుడు.